బోనులో పెట్టిన దీపం

పోయిన నెల కుప్పం నుంచి నా పేరున ఒక చిన్న పొట్లం వచ్చింది. విప్పితే అందులో ఒక ఇనుప తాళంచెవి, దానికి పురికొసతో కట్టిన అట్టముక్క ఉన్నాయి. అట్ట మీద వంకర టింకర అక్షరాలతో ‘పుంగనూరు మాస్టరు పాపకు’ అని రాసి ఉంది. యాభై దాటిన నన్ను పాప అనేవాళ్లు ఇంకెవరూ మిగల్లేదు కాబట్టి, పంపిందెవరో చూడకముందే అది గంగులప్పదని తెలిసిపోయింది. గంగులప్ప అడవిశాఖలో వాచరుగా పనిచేసి, సొంత ఊరు కుప్పంలో విశ్రాంతిగా ఉన్నవాడు. పొట్లం మీదున్న నంబరుకు ఫోను చేస్తే ఆయన కూతురు పలికింది. నాయన ఎండాకాలం మొదట్లోనే పోయినాడనీ, ఆయన పెట్టెలో బట్టల మీదనే ఇది కనిపించిందనీ చెప్పింది. "ఏ బీగానిదో మాకు తెలీదు మేడం. మీకు చేర్చాలని మాత్రం రెండు మూడు సార్లు సెప్పినాడు" అంది. అది ఏ తాళానిదో నాకు తెలుసు. ఆ తాళం వేసినప్పుడు నేను పక్కనే ఉన్నాను. అసలు తాళం వేయవలసిన అవసరం తెచ్చిపెట్టినవాళ్లలో నేనొకదాన్ని.

తొంభైల నాటి మాట. నేను మదనపల్లెలో డిగ్రీ చదువుతున్నాను. మా ఊరు పుంగనూరు నుంచి మదనపల్లెకు పోయే రోడ్డు దిగి మైలు దూరం లోపలికి నడిస్తే వస్తుంది. ఊరి వెనక నల్లగుట్ట, గుట్ట సగంలో నాలుగు రాతికూసాల మీద బండ కప్పిన ఆంజనేయస్వామి గుడి. మా నాయన ఊరి బడిలో మాస్టరు. జాతకాన్నీ ముహూర్తాన్నీ ఇంటి గడప దాటనివ్వని మనిషి. ఆదివారం పొద్దున మా పంచలో చాపలు పరిచి వాదం పెట్టేవాడు. చుట్టుపక్కల పల్లెల నుంచి పది పన్నెండు మంది సైకిళ్ల మీద వచ్చేవాళ్లు. మా అమ్మ చెనిక్కాయలు ఉడకబెట్టి చాటలో పోసి మధ్యలో పెట్టేది. గ్లాసులు చాలక కాఫీ రెండు విడతలుగా వచ్చేది. ఆ వాదానికి నాయన పెట్టిన నియమం ఒకటే. ఎదుటివాడి మాటను ఖండించే ముందు ఆ మాటను వాడి తరఫున నువ్వే చెప్పాలి. ‘అవును, నేననేది అదే’ అని వాడు ఒప్పుకోవాలి. ఆ తర్వాతే నీ జవాబు. ఈ నియమం వల్ల సగం వాదాలు మొదలుకాకుండానే ముగిసేవి. పదేళ్ల వయసు నుంచి నేను ఆ చాప మీద కూర్చున్నాను. గెలవడం నేర్చుకున్నంత త్వరగా ఆ నియమాన్ని నేర్చుకోలేదు.

అదే ఇంట్లో, నడవ చివరి గదిలో మా అవ్వ ఉండేది. నాయనకు తల్లి. ఆమె గది తలుపు తీస్తే చెనిక్కాయ నూనె, కర్పూరం, ఎండబెట్టిన సీకాయ కలిసిన వాసన వచ్చేది. ప్రతి శనివారం సాయంత్రం మూతున్న సిల్వరు క్యానులో నూనె పోసుకుని గుట్టెక్కి స్వామికి దీపం పెట్టి వచ్చేది. మెట్లు నిటారుగా ఉండేవి కాబట్టి క్యాను నాయన మోసేవాడు. నూనె మోయడం తల్లికి చేసే పనే గాని దేవుడికి చేసేది కాదని ఎవరడిగినా చెప్పేవాడు. గుడి ముందరి చివరి మెట్టు దగ్గర ఆగిపోయి క్యాను ఆమె చేతికిచ్చేవాడు. ఆ మెట్టు ఎప్పుడూ దాటలేదు. ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు తల్లీ కొడుకులు వాదించుకుంటూనే ఉండేవాళ్లు. గుట్ట మీద వాళ్ల గొంతులు మా పెరట్లోకి వినిపించేవి. ఆ గొంతుల విలువ ఎంతో నాకు తర్వాత గంగులప్ప చెప్పేదాకా తెలియలేదు.

ఒక మాఘమాసంలో గుడి పూజారి నరసింహులు, పొద్దుగూకే వేళ గుడిలో ఎలుగుబంటిని చూశానని ఊరికి చెప్పాడు. అది కూసాల మధ్య కూర్చుని ప్రమిదలో నూనె నాకిందట, కొబ్బరిచిప్పలు గీకి తిన్నదట, ఎవరి జోలికీ పోకుండా గుట్టెక్కిపోయిందట. మరుసటి శనివారం మళ్లీ వచ్చింది. మూడో శనివారానికి అది ఎలుగుబంటి కాకుండా పోయింది. ఆంజనేయుడి సేవకు వచ్చిన జాంబవంతుడు అయింది. పుంగనూరు నుంచి జీపుల్లో జనం రావడం మొదలుపెట్టారు. మొదట దూరంగా బండ మీద బెల్లం పెట్టేవాళ్లు, తర్వాత గుడి కూసం దగ్గర పెట్టారు. ఎండలు ముదిరేసరికి మెట్ల మీద అరటిపండ్లు, చెనిక్కాయలు, బొరుగుల ఉండలు. దాని వీపు మీద రెండు పిల్లలు కూడా కనిపించేసరికి జాంబవంతుడు ఆడదెట్లా అయిందని నాయన అడిగాడు. అవతారాలకు లింగభేదం లేదని నరసింహులు జవాబు చెప్పాడు.

నాకు సెలవులు. ఒంట్లో వయసు వేడి. పుంగనూరులో ఒక చిన్న ప్రెస్సులో గులాబీ రంగు కాగితం మీద కరపత్రం వేయించాను. ‘జాంబవంతుడు కాదు, ఎలుగ్గొడ్డు’ అని పెద్దక్షరాల్లో పేరు. ఇంటింటికీ పంచి, ఒక సాయంత్రం బడి ఆవరణలో నరసింహులును వాదానికి పిలిచాను. ఊరంతా వచ్చింది. దేవుడి పని మీద రాకపోతే అది సరిగ్గా శనివారమే ఎందుకు వస్తుందని ఆయన అడిగాడు. "శనివారమే కదా మీరు నూనె ఎక్కువ పోసేది. సోమవారం పోయండి, సోమవారం వస్తుంది" అన్నాను. జనం పెద్దగా నవ్వారు. నరసింహులు తుండుగుడ్డ దులిపి భుజాన వేసుకుని వెళ్లిపోయాడు. గెలిచాననుకున్నాను. ఆ రాత్రి నాయన అన్నం దగ్గర, నరసింహులు మాటను ఆయన తరఫున నువ్వు చెప్పలేదే అన్నాడు. గెలిచినదాన్ని కాబట్టి నేను పట్టించుకోలేదు. ఇప్పుడు ఆ సాయంత్రం తలుచుకుంటే నాకు సిగ్గు కలిగించేది అది కూడా కాదు. ఆ ఎలుగు ఎందుకు వస్తున్నదో, రాకుండా ఏం చేయాలో రెండూ ఒక్క వాక్యంలో నా నోటితోనే చెప్పాను. చెప్పి, చప్పట్లు తీసుకుని, ఇంటికి పోయాను. నూనె ఎక్కడిదక్కడే ఉంది. నేను పోట్లాడింది ఎలుగుకు పెట్టిన పేరుతో.

పది రోజులు కాకముందే రంగమ్మను ఎలుగు చీరేసింది. రంగమ్మ మా వీధి చివరి ఇంటావిడ. మొగుడు వెంకట్రమణ బావులు తవ్వేవాడు. తెల్లవారుజామున గుట్టకు కట్టెలకు పోయింది. చెవి దగ్గర నుంచి దవడ దాకా గోళ్లు దిగాయి. మదనపల్లె ఆసుపత్రికి జీపులో తీసుకుపోయారు. నేను చూడ్డానికి పోయినప్పుడు ముఖమంతా కట్టు, ఒక కన్ను, నోరు మాత్రం బయట ఉన్నాయి. కోపంగా ఉంటుందనుకున్నాను. ఆమె నెమ్మదిగా చెప్పింది. "అది నా కోసం రాలేదు మ్మే. ఫారెస్టోళ్లు పట్టుకుంటారని నేనే సప్పుడు లేకుండా పోతాండా. అదీ గుడి కాడ నూనె నాకి సప్పుడు లేకుండా వస్తాండాది. మలుపులో ఇద్దరం గుద్దుకున్నాం. వీపు మీద పిల్లలుండాయి. నేనైనా కొరికేదాన్నే."

వెంకట్రమణకు మాత్రం అంత ఓపిక లేదు. అడవిపందులకు పెట్టే నాటు ఉండలు పక్క ఊరి నుంచి తెచ్చాడు. కొరికితే పేలేవి. శనివారం బెల్లంలో పెడతానని బాహాటంగానే చెప్పాడు. కుర్రాళ్లు కొందరు అంతకుముందే పుంగనూరు వెల్డింగు షాపులో ఒక బోను చేయించి గుడి దగ్గరికి మోశారు. అందులో పడకపోతే ఉండ, ఉండకు దక్కకపోతే ఈటెలు. నరసింహులు కూడా నోరెత్తలేదు. నేను వెంకట్రమణ ఇంటికి పోయి, పిల్లల తల్లి, చంపవద్దు అన్నాను. ఆయన చొక్కా జేబులోంచి గులాబీ రంగు కాగితం తీసి, మడత విప్పి నా ముందర పెట్టాడు.

"నువ్వే రాస్తివి గదమ్మా, దేవుడు కాదని. దేవుడైతే దండం పెట్టుకుని ఊరకుందుము. గొడ్డని నువ్వు సెప్తివి. మనిషిని చీరిన గొడ్డుకు ఏం సేస్తారో అది నేను సేస్తా."

ఇన్నాళ్ల వాదాల్లో నాకు జవాబు లేకపోవడం అదే మొదలు. ఇంటికొచ్చి నాయనకు చెప్పాను. ఆయన కోప్పడలేదు, ఓదార్చలేదు. వెంకట్రమణ మాటను ఆయన తరఫున చెప్పమన్నాడు. చెప్పాను: నా భార్యకు ముఖం పోయింది, ఆ దారిన రేపు ఇంకొకరు పోవాలి, ఆ జంతువు మళ్లీ వస్తుంది. అయితే ఇందులో చంపడం ఎక్కడుందని నాయన అడిగాడు. వెతికాను. లేదు. మళ్లీ రాకూడదు అన్నంతవరకే ఉంది. వెంకట్రమణ దగ్గరకు ఇద్దరం పోయి అదే చెప్పాం. ఆయన బీడీ ఆర్పి, అవును, నేననేది అదే, అన్నాడు. ఆ పైన వారం గడువిచ్చాడు. ఉండల కుండ తెచ్చి నాయనకే అప్పగించాడు. వచ్చే శనివారం దాటేలోపల ఎలుగు గుడిలో ఒక్క ముద్ద తిన్నా కుండ తిరిగి ఇచ్చేయాలి. నాయన ఒప్పుకున్నాడు. నాయన మాట తప్పేవాడు కాదు. అందువల్లనే నాకు భయం వేసింది. కుండను పెరట్లో వాడని తొట్టి పక్కన దించారు. మా అమ్మ ఆ వారమంతా పొయ్యి వీధివైపు పెట్టుకుని వంట చేసింది.

అప్పుడు దిగాడు గంగులప్ప. రంగమ్మ సంగతి విచారించడానికి శాఖవాళ్లు పంపారు. పాత మోపెడ్ మీద, నడుముకు తువ్వాలు బిగించి, తెలుగులో అరవం కలిపి మాట్లాడుతూ. కుప్పం వైపు ఏనుగులను పొలాల్లోంచి మళ్లించిన మనిషి. ఎలుగుకు చూపు ఆనదనీ, ముక్కుతోనే బతుకుతుందనీ, మనిషి అలికిడి ముందే వింటే అదే తప్పుకుంటుందనీ చెప్పాడు. మా నాయన, అవ్వ ఇన్నేళ్లూ క్షేమంగా గుట్ట దిగింది వాదించుకుంటూ దిగబట్టేనట. ఆ మాటకు అవ్వ, చూశావా స్వామి మహిమ అంది. నాయన, చూశావా వాదం మహిమ అన్నాడు. గుడి దగ్గర గంగులప్ప మోకాళ్ల మీద కూర్చుని బండను వేలితో రుద్ది వాసన చూశాడు. ఏళ్ల తరబడి కారిన నూనె రాతిలోకి ఇంకి నల్లగా అట్టకట్టి ఉంది. తర్వాత బోను చుట్టూ ఒకసారి తిరిగి, కుర్రాళ్లతో నింపాదిగా అన్నాడు.

"దీన్లో ఎలుగును పెడితే, మిమ్మల్ని ఇంకోదాన్లో పెడతారప్పా. దాన్ని పట్టేది కాదు. నూనెను పట్టండి."

దీపం పగలు వెలిగించాలి, పొద్దు వాలకముందే ఆర్పి నూనె కిందికి తేవాలి, తినేది ఏదీ గుట్ట మీద మిగలకూడదు అన్నాడు. నరసింహులు ససేమిరా అన్నాడు. సంధ్యదీపం మానితే ఊరికి అరిష్టం. నేను నోరు తెరవబోతే నాయన నా చెయ్యి నొక్కాడు. మాట్లాడింది అవ్వ. మెట్టు మీద కూర్చుని, ఊతకర్ర ఒళ్లో పెట్టుకుని, అక్కడ ఖాళీగా ఉన్న బోనును చూపించి, స్వామి దీపాన్ని అందులో పెట్టమంది. పగలు కూడా బోనులోనే వెలగాలి, తాళం నరసింహులే తియ్యాలి, సాయంత్రం నూనె తీసి కిందికి తెచ్చి ఆయన ఇంటి వాకిట్లోనే సంధ్యదీపం పెట్టాలి. స్వామి దీపాన్ని జైల్లో పెట్టమంటావా అని నరసింహులు అడిగాడు.

"స్వామి నగలకు నువ్వు బీగం వెయ్యలేదా నరసింహులూ? నగలకు వేస్తే రాని అవమానం నూనెకు వేస్తే వస్తాదా? విలువైంది గాబట్టే బీగం."

నరసింహులు బోను తలుపు మూసి చూసి, తాళం తానే కొనితెస్తానన్నాడు. నా కరపత్రంలో ఆ వాక్యం లేదు. నేను వెయ్యి కరపత్రాలు వేసినా వచ్చేది కాదు. ఆమె నరసింహులు మాటను నరసింహులు తరఫున చెప్పగలిగింది. తాళానికి రెండు చెవులు వచ్చాయి. ఒకటి పూజారికి, ఒకటి హామీగా గంగులప్పకు.

మరుసటి రోజు సీకాయ పొడి, బూడిద, కొబ్బరిపీచు మోసుకుని పైకి పోయాం. కూసాలు, బండ, మెట్లు అన్నీ రుద్దాలి. నేను లోపలికి పోయి మోకాళ్ల మీద కూర్చున్నాను. నాయన చివరి మెట్టు దగ్గర ఆగాడు. అలవాటు. బక్కెట్టు అందివ్వడానికి చెయ్యి చాచి, అందక, ఒక క్షణం నిలబడి, మెట్టు దాటి లోపలికి వచ్చి నా పక్కన కూర్చుని బండ తోమడం మొదలుపెట్టాడు. అవ్వ చూసింది. సీకాయ పొడి ఆయన ముందుకు జరిపింది. నాకు అన్నిటికంటే బాగా గుర్తుంది అదే. గుట్టకు అవతలివైపు వాననీళ్లు నిలిచే ఒక రాతిదొన ఉండేది, మట్టి పూడిపోయి ఎండిపోయింది. ఎండాకాలం ఎలుగు ఇటు రావడానికి నీళ్లు కూడా ఒక కారణమని గంగులప్ప అంటే, వెంకట్రమణ ఎవరూ అడగకుండానే గడ్డపార తీసుకుని పోయి రెండు రోజుల్లో దొన తవ్వేశాడు. అడుగున ఊట పడింది. గడువంటే గడువే, పనంటే పనే అన్నాడు.

గురువారం ఎలుగు వచ్చింది. మేము కింద నరసింహులు ఇంటి మిద్దె మీద నుంచి చూశాం. బోను చుట్టూ తిరిగి, ఊచలు నాకి, బండ మీద ముక్కు పెట్టి బుసబుసమంటూ వెతికి, ఏమీ దొరక్క వెళ్లిపోయింది. శనివారం అసలు పరీక్ష. పుంగనూరు జీపులు వస్తాయి, బెల్లం వస్తుంది. మధ్యాహ్నం నుంచి నేను కింది మెట్టు దగ్గర నిలబడ్డాను. కట్టు విప్పని ముఖంతో రంగమ్మ తనంతట తానే వచ్చి మెట్టు మీద కూర్చుంది. వచ్చినవాళ్లతో నేను ఆ రోజు మూఢనమ్మకం అనే మాట అనలేదు. ఆకలిగా వచ్చే ప్రాణికి పెట్టాలని వచ్చారు, అంతే కదా, అని ముందు అడిగాను. అవునన్నారు. అప్పుడు రంగమ్మను చూపించాను. మీరు పెట్టిన బెల్లం కోసం అది వస్తుంది, వచ్చే దారిలో ఈమె ఉంది, అది తింటే ఈమె మొగుడి చేతికి పేలే ఉండ తిరిగి వస్తుంది. చాలామంది బెల్లం తిరిగి సంచిలో వేసుకున్నారు. ఒకాయన మాత్రం, చదువుకున్నవాడే, జాంబవంతుడికి మొక్కు, మీరెవరు ఆపడానికి అని గట్టిగా అడిగాడు. రంగమ్మ తలెత్తి, "నా కాడ పెట్టు సామీ, నేను తింటా. నాకూ మొక్కే" అంది. ఆయన బెల్లం ఆమె ఒళ్లో పెట్టి జీపెక్కాడు.

పొద్దు వాలింది. నూనె కిందికి వచ్చింది. మిద్దె మీద మేమంతా కూర్చున్నాం. వెంకట్రమణ నాయన పక్కనే. మా పెరట్లో ఉండల కుండ. ఎలుగు వచ్చింది, వీపు మీద రెండు పిల్లలు. గుడిలోకి పోయింది. బోనును ముందుకాళ్లతో పట్టి ఊపింది. ఊచల చప్పుడు కిందికి వినిపించింది. మెట్ల మీదికి దిగి, ఒక్కొక్క మెట్టూ వాసన చూసింది. ఏ కొబ్బరిముక్కైనా మేము చూడకుండా మిగిలి ఉంటే అంతే. నాలుగో మెట్టు. ఐదో మెట్టు. ఆగింది. అది తిరిగి పైకెక్కి, గుడి పక్కన వాలులో ఉన్న చెదపుట్ట దగ్గర కూర్చుని గోళ్లతో తవ్వి, మూతి లోపల పెట్టి పీల్చడం మొదలుపెట్టింది. బోరుమోటరు గాలి పీల్చినట్టు పెద్ద చప్పుడు. పిల్లలు దిగి పక్కన దొర్లాయి. కాసేపటికి అన్నీ కలిసి దొన వైపు గుట్ట దాటిపోయాయి.

"సెదలు తినేదానికి ఇంత రాద్ధాంతమా" అన్నాడు వెంకట్రమణ. లేచి మా పెరట్లోకి పోయి, కుండలో నిండా నీళ్లు పోశాడు.

ఆ తర్వాత ఏళ్లలో రంగమ్మను చాలాసార్లు చూశాను. మచ్చ పోలేదు. కట్టెలకు పోయేటప్పుడు ఆడవాళ్లు గుంపుగా, పెద్దగా మాట్లాడుకుంటూ పోవడం ఊరికి అలవాటైంది. పిల్లలకు చేతికర్రకు గజ్జెలు కట్టి ఇచ్చేవాళ్లు. రెండువేల సంవత్సరం దాటాక కూడా ఆ ఎలుగో, దాని పిల్లలో అవతలి వాలులో కనిపించేవి. మనుషుల మీద పడ్డట్టు మళ్లీ వినలేదు. ఇప్పుడు పేపరు తెరిస్తే ఎలుగు ఊళ్లోకి చొరబడిందని వార్త. పక్కన ఫొటోలో దానికంటే ఎక్కువగా ఫోన్లు పైకెత్తిన చేతులే ఉంటాయి. గుట్టలను రాయి కోసం కోసేశాం, దొనలను ఆ రాతిపొడితోనే పూడ్చాం, బైపాసు పక్కన హోటళ్ల ఎంగిలాకులు కుప్పలు పోస్తున్నాం. అది వచ్చి తింటే చొరబాటు అంటున్నాం. ఆ రోజుల్లో మా ఊరివాళ్లు దయగలవాళ్లని నేను చెప్పను. వెంకట్రమణ చేతిలో ఉండ ఉండింది, నా చేతిలో కరపత్రం ఉండింది. కాకపోతే తప్పు చేసినవాళ్లందరూ ఒకే మిద్దె మీద కూర్చుని దాని ఫలితం చూశారు. మేము పెట్టిందే అది తిన్నదని ఒప్పుకున్నారు. ఇవాళ ఆ ఒప్పుకోలు నాకు ఎక్కడా కనబడటం లేదు.

తాళంచెవి తీసుకుని పోయిన వారం మా ఊరికి పోయాను. మా వాళ్లెవరూ అక్కడ లేరిప్పుడు. గుడికి రంగులు వేశారు, మెట్లకు ఇనుప కమ్మీలు పెట్టారు. బోను అక్కడే ఉంది, లోపల దీపం వెలుగుతోంది. కాని ఊచలు కనబడటం లేదు. అన్ని వైపులా తాళాలు, చిన్నవి, పెద్దవి, తుప్పు పట్టినవి, కొత్తవి, ఒకదాని మీద ఒకటి వేలాడుతున్నాయి. కోరిక కోరుకుని ఇక్కడ తాళం వేస్తే నెరవేరుతుందట. నా చేతిలోని చెవి వాటిలో దేనిదో వెతకడం కూడా సాధ్యం కాదు. పూజ చూసుకుంటున్నది నరసింహులు మనవరాలు, ఇరవై ఏళ్ల పిల్ల. దీపం బోనులో ఎందుకుందని అడిగాను. జాంబవంతుడు కలలో కనిపించి చెప్పినాడంది. నాలో వేడి పాతదే, ఏమీ తగ్గలేదు. అయినా ముందు ఇంకొకటి అడిగాను: సాయంత్రం నూనె ఏం చేస్తారు? "పొద్దు వాలకముందే కిందికి తెచ్చేస్తాం. ఒక్క సుక్క ఈడ ఉండకూడదు. మా తాత కాలం నుంచీ అంతే" అంది.

సరే, ఇక నిజం చెప్పాలి కదా. అది ఎవరి కలా కాదనీ, ఆ మాట చెప్పింది మా అవ్వ అనీ, ఇదిగో ఈ మెట్టు మీద కూర్చుని చెప్పిందనీ, అప్పుడు నేను ఇక్కడే ఉన్నాననీ అంతా వివరంగా చెప్పాను. ఆ పిల్ల శ్రద్ధగా విన్నది. నా చేతిలోని తాళంచెవిని తీసుకుని కళ్లకద్దుకుని తిరిగి ఇచ్చింది.

"అయితే కల వచ్చింది మీ అవ్వకన్నమాట" అంది.